ఖరగ్‌పూర్ అటుకులు

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగినవారికి మొదటి ఆశ్చర్యం 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్ మించేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. రెండవ ఆశ్చర్యం, గోల్‌బజారులో చెవినపడే తెలుగు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడి వర్క్‌షాపులో కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఈ ఊళ్ళోనే స్థిరపడ్డాయి.

రెండు భాషలు కలిసి కాపురం చేసే ఈ పట్టణపు రుచి తెలియాలంటే అటుకులు తినాలి. నానిన వడ్లను వేయించి దంచినవే అటుకులు. అప్పుడే అవి సగం ఉడికినట్లు. ఇటలీవారి లజాన్యా వంటకానికి నేడు ఉడికించనక్కరలేని రేకులు దొరుకుతున్నాయి. అవి టమాటా గుజ్జులోని తడిని పీల్చుకుని మెత్తబడతాయి. సూత్రం ఒక్కటే.

దళసరి అటుకులను జల్లెడలో కడిగి పది నిమిషాలు ఉంచాలి. ఆవాలు, శనగపప్పు, పచ్చిమిరప, కరివేపాకుల పోపులో పసుపు, ఉప్పుతో కలిపి, దించి నిమ్మరసం పిండితే మన పులిహోర. బంగాళాదుంప, బఠాణీ వేయించి, చిటికెడు పంచదారతో కలిపితే పొరుగింటి బెంగాలీల చిడేర్ పొలావు.

ఇక్కడి పిల్లలకు వీధిలో బెంగాలీ, హిందీ అవసరం. తెలుగు అక్షరాలకు ఇల్లు కూడా ఒక బడే. ఆ అక్షరాలు చదవలేని మనుమడు సైతం వంటింటి గుమ్మంలో నిలబడి ‘అటుకులు’ అని అడిగినంతకాలం ఆ ఇంట మన భాష మిగిలి ఉన్నట్లే.