టెక్కలి రాయి, పలాస పప్పు, ఉద్దానం పడవ: యంత్రానికి పని నేర్పేదెవరు?

ఉద్దానం అనగానే మన ఫోన్లకు వచ్చేవి ఎక్కువగా కిడ్నీ జబ్బు వార్తలే. ఒక్కసారి టెక్కలి నుంచి పలాస మీదుగా సముద్రం దాకా వెళ్లి చూడండి. ఇంకో కథ కూడా కనిపిస్తుంది. తరాలుగా చేతుల్లో ఉన్న పని పక్కన కంప్యూటర్ వచ్చి కూర్చుంటున్న కథ అది.

మొదట టెక్కలి. పదహారో నంబర్ జాతీయ రహదారి మీద గ్రానైట్ బండలు మోసే లారీలే ఈ ఊరి గుర్తు. ఇక్కడి చుట్టుపక్కల కొండల రాయి ‘శ్రీకాకుళం బ్లూ’ పేరుతో దేశాలు దాటుతుంది. వెనకటికి రాతి మీద పేరు కావాలంటే ముందు గీత గీసి, తర్వాత ఉలి, సుత్తి పట్టేవారు. ఇప్పుడు రాతిపనిలోకి సీఎన్‌సీ యంత్రాలు వచ్చాయి. కంప్యూటర్లో బొమ్మ గీసి ఫైల్ పంపితే చాలు. నీళ్లు చిమ్ముతూ వజ్రపు మొన రాతిని తొలిచేస్తుంది. వారం పట్టే పని గంటల్లో అయిపోతుంది.

అయితే ఫైల్‌లో తప్పుంటే ఆ తప్పును కూడా అంతే శ్రద్ధగా చెక్కుతుంది! ఫాంటు కుదరక ఒత్తులు పక్కకు జరిగిపోయిన ఫ్లెక్సీలు మనం ఎన్ని చూడలేదు? ఫ్లెక్సీ అయితే చింపేయొచ్చు, రాతిని ఏం చేస్తాం? రాయిలో పగులు ఎటు పోతోందో కూడా ఫైల్‌కి తెలీదు. సుత్తితో తట్టి, మోత విని చెప్పే మనిషి అక్కడ ఉండాల్సిందే.

టెక్కలి నుంచి అదే రోడ్డు మీద ఉత్తరానికి సాగితే పలాస-కాశీబుగ్గ. ఇక్కడ రాజు జీడిపప్పే. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే పిక్కలను కాల్చిగానీ ఆవిరిలో ఉడికించిగానీ తర్వాత పగలగొడతారు. పప్పు ఆరబెట్టి, పైపొర తీసి, చివర్న రకాలు వేరుచేస్తారు. ఈ పనిలో చాలా భాగం ఆడవాళ్లదే. ప్యాకెట్ మీద 240 అని ఉంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 220 నుంచి 240 నిండు పప్పులు తూగుతాయని అర్థం. 320 అంటే 300 నుంచి 320. అంకె పెరిగితే పప్పు చిన్నదన్నమాట. ఏళ్ల తరబడి చేసిన చేతికి పప్పు తాకితే చాలు, ఏ రకమో తెలిసిపోతుంది.

జీడిపప్పు పరిశ్రమలో ఇప్పుడు ఈ పనికి కలర్ సార్టర్లు దిగాయి. జారిపడే పప్పులను కెమెరా ఒక్కొక్కటిగా చూస్తుంది. రంగు తేడా ఉన్నదాన్ని గాలి దెబ్బతో పక్కకు తోసేస్తుంది. రెప్పపాటు పని. కానీ ఎంత తేడాను ‘తేడా’ అనాలో దానికి ముందే చెప్పాలి. గీత గట్టిగా గీస్తే మంచి పప్పు కూడా బయటికి పోతుంది, వదులుగా గీస్తే మచ్చల పప్పు లోపలికి వస్తుంది. ఆ గీత ఎక్కడ పడాలో బాగా తెలిసింది ఇన్నాళ్లూ కళ్లతో ఏరినవాళ్లకే. మరి మీట దగ్గర వాళ్లు ఉన్నారా?

ఇది చిన్న ప్రశ్న కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అలాంటిచోట రోజుకూలి కూడా పోతే ఆ ఇల్లు దేని మీద నిలబడుతుంది?

దీనికి ఒక జవాబు సముద్రం ఒడ్డున దొరుకుతుంది. తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టిన తెప్పలు ఈ తీరానికి పాత నేస్తాలు. ఇప్పుడు ఇసుక మీద ఎక్కువగా కనిపించేవి ఫైబర్ పడవలు. ముందు పడవ నమూనా చేస్తారు, దానిమీద అచ్చు తీస్తారు, ఆ అచ్చులో గాజునార, రెజిన్ పొరలు పరుస్తారు. పెద్ద యార్డుల్లో ఆ నమూనాను కూడా కంప్యూటర్ గీసిన కొలతలతో యంత్రమే కోస్తుంది.

కానీ కెరటం విరిగేచోట నిలబడే పడవ కాగితం మీదే పుట్టలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టింది. రేవు లేని ఒడ్డున దిగే పడవల కోసం నమూనాలు గీసి, వాటిని మత్స్యకారులతోనే కెరటాల్లో నడిపించి చూసింది. ఇంజినీరు గీసినదానికి అలల్లో దిగినవాడే పరీక్ష పెట్టాడు.

పలాస పప్పుకైనా, టెక్కలి రాయికైనా కావాల్సింది ఆ పద్ధతే. యంత్రాన్ని ఆపమని ఎవరూ అనరు. పెంకు నూనెతో చేతులు కాల్చుకోవడం సంప్రదాయమని మురిసిపోనక్కర్లేదు. అలాంటి పని యంత్రానికి వదిలేయడమే మంచిది. కానీ సార్టర్‌కి గీత గీసే చోట, ఫైల్‌ని సరిచూసే చోట ఆ పని తెలిసిన మనిషికి కుర్చీ వెయ్యాలి, ఆ నైపుణ్యానికి తగ్గ జీతం కూడా ఇవ్వాలి. స్మార్ట్‌ఫోన్ వాడే చేతికి సార్టర్ స్క్రీన్ నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుంది? పప్పు ఏరే చూపు రావడానికి మాత్రం ఏళ్లే పడుతుంది.