ప్లకార్డులతో మూడూళ్ళు

హైదరాబాదు నుంచి బెజవాడ పోయే బస్సెక్కినవారికి సూర్యాపేట అంటే టీ తాగే వూరు. పాతవాళ్ళు భానుపురి అంటారు. బస్సు దిగి, చేత ప్లకార్డు పట్టుకొని రోడ్డు వారన రెండు గంటలు నిలబడండి, వూరి మనుషులు అప్పుడు కనబడతారు.

మేము 12 మందిమి. ఇద్దరు పంతులమ్మలు, పెన్షను పుచ్చుకొంటున్న కాంపౌండరు ఒకాయన, తక్కినవాళ్ళు కాలేజీ పిల్లలు. కడుపులో వున్నది ఆడపిల్ల అని తెలుసుకొని తీయించే పాడు అలవాటు మానండని చెప్పడం మా పని. మన దేశంలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 1991లో 945 మంది, 2001లో 927, 2011కు 920 కూడా లేరు.

ఈ పనికి జీతం లేదు, భత్యం లేదు. మజ్జిగ మాత్రం వున్నది. ముందుగా పోలీసులకు అర్జీ పెట్టుకోవాలి. దుకాణం మెట్లకు అడ్డం నిలవరాదు. షావుకారు ముఖం చిట్లించాడంటే ఎంత మంచి మాటైనా చెడిపోతుంది. అక్షరాలు పెద్దవిగా, అయిదారు మాటలకు మించకుండా వుండాలి. బస్సు మన కోసం ఆగదు గదా! స్కానింగు చేసే ప్రతిచోటా లింగనిర్ధారణ చేయమని స్థానిక భాషలో బోర్డు పెట్టాలనే నిబంధన ఎలాగూ వున్నది. కాని ఆ బోర్డు ఆసుపత్రి గోడనే అంటిపెట్టుకొని వుంటుంది. మాది బజారుకు వస్తుంది.

సూర్యాపేటలో జనం చదివారు, తలలూపారు, వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దగ్గరలోనే వున్న పిల్లలమర్రి చూచి వచ్చాము. అక్కడి ఎరుకేశ్వరాలయం కట్టించింది రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. 1208 నాటి మాట. నల్లరాతి స్తంభాలు ఎంత నున్నగా వున్నవో! ఒక ఆడమనిషి పేర 800 యేళ్ళు నిలిచిన గుడి పక్కన మనకీ ప్లకార్డుల అవసరమేమిటని పంతులమ్మ గొణుక్కొన్నది.

కోదాడలో ఎండ, లారీలు, దుమ్ము. ఒక డ్రైవరు బండి ఆపి, తనకు ముగ్గురూ ఆడపిల్లలేనని చెప్పి, అందరికీ అరటిపళ్ళు పంచి పోయాడు.

హుజూర్‌నగరు మీదుగా మిర్యాలగూడ చేరేసరికి సాగరు ఎడమకాలువ కింది వరిపొలాలు, బియ్యపు మిల్లులు, గాలి నిండా వూక వాసన. అక్కడ ఒక కుర్రవాడు తాను కొత్తగా రాసుకొచ్చిన ప్లకార్డు ఎత్తాడు: 'గర్భస్రావం నేరం'. మిల్లుపని నుంచి వస్తున్న ఒకావిడ కూడబలుక్కొని చదివి, ఆగిపోయింది.

"టీచరమ్మా, నా పానం మీదికొచ్చిందని దవాఖానల తీసేసిండ్రు. గదీ నేరమేనా?"

"కాదక్కా" అంటూ పంతులమ్మ ఆవిడను చెట్టునీడకు తీసుకుపోయింది. తల్లి ప్రాణం కాపాడటానికి, మరికొన్ని కారణాలకు డాక్టరు చేత గర్భం తీయించుకోవడాన్ని 1971 నాటి చట్టం వొప్పుకొంటుంది. ఆడా మగా అని పరీక్షించి చెప్పడం నేరమన్నది 1994 నాటి చట్టం. చెప్పినవారికి మూడేళ్ళదాకా జైలు. గర్భిణి అలాంటి పరీక్ష చేయించుకొంటే మొగుడో అత్తవారో బలవంతపెట్టారనే ఆ చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం వాళ్ళదే. పంతులమ్మ ఇదంతా చెబుతుంటే కుర్రవాడు తలవంచుకొని విని, అట్ట తిరగేసి వెనకవైపు రాశాడు: 'ఆడా మగా అడగవద్దు, చెప్పవద్దు'.

రంగు ఆరేదాకా ఆవిడ కదలలేదు.

"నా బిడ్డకు నాలుగో నెల. గిది నాకియ్యుండ్రి, వాళ్ళ అత్తగారింట్ల గోడకు కొట్టిస్త" అన్నది.

ఇచ్చాము. ఆ సాయంత్రం 11 ప్లకార్డులతో రైలెక్కాము.