నంబర్ వన్ పాట, నలభై వేల లెక్క

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నారు. (2024లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. నాకింకా అలవాటు కాలేదు, పాత పేరే రాస్తున్నాను.) నేను జంగ్లీఘాట్‌లో పెరిగాను. 1970లలో మాకు ఉత్తరాలు, వారపత్రికలు, సినిమాలు అన్నీ ఆలస్యంగానే వచ్చేవి. దేశమంతటితో పాటు అదే క్షణంలో మాకు అందేది రేడియో ఒక్కటే.

బుధవారం రాత్రి 8 గంటలకి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా. గడియారం మెయిన్‌లాండ్‌దే గానీ సూర్యుడు మాత్రం మాకు ముందే వెళ్ళిపోతాడు. చలికాలంలో అయిదింటికే చీకటి పడేది, ఎనిమిదయ్యేసరికి అర్ధరాత్రిలా ఉండేది. మా వాకిట్లో బెంగాలీలు, తమిళులు, మలయాళీలు అంతా చేరేవాళ్ళు. అమీన్ సయానీ గొంతు షార్ట్‌వేవ్ మీద వచ్చి పోతుంటే, ఈ వారం నంబర్ వన్ లతదా, కిశోర్‌దా, రఫీదా అని పల్లీల పొట్లం మీద పందేలు.

నంబర్ వన్ అంటే దేశం మొత్తం మీద గొప్ప పాట అని అందరం అనుకునేవాళ్ళం. ఒకసారి నాన్నని అడిగాను: "మనల్ని ఎవరూ అడగలేదు కదా, దేశమంతా అని ఎలా చెబుతున్నారు?" అని. "రేడియోలో చెప్పాక ఇంకా నీ సందేహమేమిట్రా?" అన్నారు. దేవుడి గురించి అడిగినా దాదాపు ఇదే జవాబు. రేడియో బదులు పురాణం, అంతే తేడా.

నా సందేహానికి జవాబు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. 1952 డిసెంబర్‌లో ఆ కార్యక్రమం మొదలైనప్పుడు ర్యాంకులు లేవు. ఏడు పాటలు వేసేవారు, వాటిని సరైన వరసలో రాసి పంపిన శ్రోతకి బహుమతి. ఉత్తరాలు వేలకొద్దీ వచ్చిపడ్డాయి. 1954 నుంచి కౌంట్‌డౌన్‌గా మార్చారు. దానికి ఆధారం ముఖ్యంగా గ్రామఫోన్ రికార్డుల అమ్మకాలు, తర్వాత శ్రోతల సంఘాల అభిప్రాయం కూడా కలిపారు. అంటే కొలిచింది రికార్డు కొనగలిగినవాళ్ళ ఇష్టాన్ని, సంఘాల్లో ఉన్నవాళ్ళ ఇష్టాన్ని. మా వీధిలో గ్రామఫోన్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఇందులో సయానీ గారు చేసిన మోసమేమీ లేదు. చేతిలో ఉన్న కొలబద్దతో ఆయన కొలిచారు. కొలవనివాళ్ళని కూడా అందులో కలిపేసుకుని విన్నది మనం.

1989లో కార్యక్రమం వివిధభారతికి మారింది. 1991 వార్షిక జాబితాలో మొదటి స్థానం 'సాజన్' సినిమాలో బాలు, అల్కా యాగ్నిక్ పాడిన యుగళగీతానిది. ఆ రాత్రి మా తెలుగు ఇళ్ళలో పండగే. మన నెల్లూరు మనిషి హిందీవాళ్ళ లెక్కలో మొదటికొచ్చాడు! గమనించారా, ఆ వేళ కొలబద్ద గురించి నాకు ఒక్క సందేహమూ రాలేదు.

2020 సెప్టెంబర్ 25న బాలు పోయారు. కోవిడ్ రోజులు, ఎవరిళ్ళలో వాళ్ళం బాధపడ్డాం. మరుసటి ఏడాది కొన్ని తెలుగు కుటుంబాలవాళ్ళం కలిసి, గీత్‌మాలా పద్ధతిలోనే ఆయన పాటల కౌంట్‌డౌన్ పెట్టుకున్నాం. వ్యాఖ్యానం రాసింది నేను మావయ్యా అని పిలిచే పెద్దాయన, చదవాల్సింది నేను. మొదటి వాక్యమే "పదహారు భాషల్లో నలభై వేల పాటలు పాడి గిన్నిస్‌కెక్కిన" అని ఉంది. ఆ ముక్క కొట్టేశాను.

"ఏటిరా అల్లుడూ, మనిషి పోనాడు. ఆయన పాటల కాడ కూడా బేరమేటి నీకు?" అన్నాడు మావయ్య. గొంతు వణికింది.

కూర్చోబెట్టి లెక్క చూపించాను. బాలు మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబర్‌లో. అప్పటినుంచి చివరి రోజు దాకా సుమారు 19,600 రోజులు. నలభై వేలంటే ఆదివారాలు, జ్వరాలు, విదేశీ కచేరీలు ఏవీ మినహాయించకుండా రోజుకి రెండు పాటలు. సినిమాకి అయిదు చొప్పున అన్నీ ఆయనే పాడినా 8,000 సినిమాలు కావాలి. భక్తి పాటలు, ప్రైవేటు ఆల్బమ్‌లు కలిపినా ఇంకా చాలా దూరం. అసాధ్యమని నేననను. కానీ జాబితా ఏది?

ఇలాంటిది ఇంతకు ముందూ జరిగింది. 1974లో లత 25,000 పాటలు పాడినట్టు గిన్నిస్ వేసుకుంది. రఫీ ఒప్పుకోలేదు, తనవే ఎక్కువన్నారు. చివరికి 1991లో ఇద్దరి పేర్లూ తీసేశారు. తర్వాత అభిమానులు ఓపిగ్గా లెక్కపెడితే లత హిందీ సినిమా పాటలు అయిదు వేల చిల్లర తేలాయి. 2016లో గిన్నిస్ మన సుశీల గారికి గుర్తింపునిచ్చింది. అక్కడి అంకె 17,695. గుండ్రంగా లేదు చూడండి, లెక్కపెట్టిన అంకెలు సాధారణంగా అలాగే ఉంటాయి. బాలు పేరుతో అలాంటి రికార్డు నాకు గిన్నిస్‌లో కనబడలేదు.

ఇంత చెప్పాక ఒక విషయం ఒప్పుకోవాలి. ఆఫీసులో హిందీవాళ్ళతో వాదన వచ్చినప్పుడల్లా నలభై వేలని బల్లగుద్ది చెప్పింది నేనే. బాబా గాల్లోంచి విభూతి తీశాడంటే "ఏదీ, నా ముందు తియ్యమనండి" అనే మనిషిని, ఈ అంకెని ఎక్కడిదని ముప్పై ఏళ్ళు అడగలేదు. నచ్చని నమ్మకాన్ని పరీక్షించడం తేలికే. నచ్చినదాని దగ్గరే మన హేతువాదం సెలవు తీసుకుంటుంది.

చివరికి "కొన్ని వేల పాటలు" అని చదివాను. ఎవరూ లేచిపోలేదు.

ఆ రోజు హాల్లో ఓట్లు లెక్కపెడితే 'శంకరాభరణం' పాట మొదటొచ్చింది. ప్రకటించబోతుంటే ఒకావిడ "వంట దగ్గరున్న మమ్మల్ని ఎవరడిగారు?" అంది. నిజమే, అడగలేదు! వాళ్ళ పదకొండు ఓట్లూ కలిపితే 'మరో చరిత్ర' పాట పైకొచ్చింది. చిన్నప్పుడు నాన్నని నేనడిగిన ప్రశ్ననే ఆవిడ నన్ను అడిగింది.

మావయ్య నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, "నువ్వు జాబితా అడిగావు కదా, రాస్తన్నాను" అన్నాడు. సినిమా పేరు, సంవత్సరం, పాట, తోడు పాడినవాళ్ళు, అన్నీ నోటుబుక్కులో గళ్ళు గీసి రాస్తున్నాడు. మొన్నటికి 2,316 అయ్యాయి. తెలుగే పూర్తికాలేదు, తమిళం, కన్నడం ముట్టుకోనేలేదు. రెండుసార్లు పడ్డ పాటల్ని కొట్టేసే పని నాది. ఆదివారాలు వెళ్ళి కూర్చుంటున్నాను.

నలభై వేలు దాటితే మొదట చప్పట్లు కొట్టేది నేనే. దాటకపోయినా ఆ పాటలు ఆ పాటలే.