స్కిప్ అండ్ లోఫర్ మొదటి పుస్తకం – మా రూంలో చదివినాం

ఇక్కడ ఎప్పుడూ జాబ్ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ డేట్లు, కుల సర్టిఫికెట్ తిప్పలు ఇవే కదా వచ్చేది. ఈసారి మేం ఒక బొమ్మల పుస్తకం గురించి రాస్తాన్నాం. నవ్వొద్దు. పోస్టు పెద్దదే. చివర్లో మీతో ఒక పని ఉంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా సంగతి. మేం అనంతపురం టౌన్లో డిగ్రీ చదివే అమ్మాయిలం. ఒకే హాస్టల్ రూం, నాలుగు మంచాలు. సర్టిఫికెట్లో సుగాలి, బయట జనానికి లంబాడి, మాలో మేం గోర్. ఒకరిది గుత్తి వైపు తాండా, ఒకరిది గుంతకల్లు వైపు, ఇద్దరివి కదిరి వైపు. 2022 ఏప్రిల్లో జిల్లా రెండైనప్పటి నుంచి కదిరి వాళ్లది శ్రీ సత్యసాయి జిల్లా. రూంలో మాత్రం అందరం అనంతపురమే. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పుస్తకం కొన్నది కాదు. మాలో ఒకరి అన్న బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మెన్. అక్కడ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఒక సంచి పాత పుస్తకాలు ఇచ్చి పోయినారంట. "చెల్లెలు చదువుకుంటాంది కదా" అని ఆయన పండక్కి వచ్చేటప్పుడు మోసుకొచ్చినాడు. అందులో ఎంట్రన్స్ గైడ్లు మూడు, వంటల పుస్తకం ఒకటి, ఇంకొకటి ఇది. పేరు స్కిప్ అండ్ లోఫర్, మొదటి భాగం. రాసి బొమ్మలు వేసింది తకామత్సు మిసాకి. జపాన్లో 2018 నుంచి మంత్లీ ఆఫ్టర్‌నూన్ అనే పత్రికలో వస్తాంది. 2023లో కోదన్షా మాంగా అవార్డు వచ్చింది, అదే ఏడాది టీవీ సీరియల్‌గా కూడా తీసినారు. మాకు దొరికింది ఇంగ్లీషు పుస్తకం.

మాంగా అంటే జపాన్ వాళ్ల బొమ్మల కథ. నరుటో, డీమన్ స్లేయర్ చూసే తమ్ముళ్లకి చెప్పే పని లేదు. ఇందులో కత్తులు, రాక్షసులు లేరు. బడి, స్నేహితులు, కొంచెం ప్రేమ, చాలా నవ్వు. లోఫర్ అంటే మన తిట్టు కాదు, అక్కడి పిల్లలు బడికి వేసుకునే తాళ్లు లేని బూట్లు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే అట్ట మీద పేరు చూసి "ఇదేం పుస్తకం మీరు చదివేది" అని పక్క రూం అక్క ఒక రోజంతా మాకు క్లాసు పీకింది. ఆ రోజే ఈనాడు పేపరు అట్ట వేసేసినాం.

ఇంకో తిప్ప. ఈ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి. మేం మామూలుగా తెరిచి చివరి పేజీ నుంచి మొదలుపెట్టినాం. అందరూ ఏదో ముగిసిపోయినట్టు మాట్లాడతాన్నారు. రెండు మూడు పేజీలు తిరిగినాక తెలిసింది. రాత్రి భోజనం అయినాక ఒకరు ఇంగ్లీషు పైకి చదవాలి, ఒకరు ఫోన్లో డిక్షనరీ చూడాలి, మిగతా ఇద్దరు దాన్ని తెలుగులోనో గోర్ బోలిలోనో తిప్పాలి. అట్లా రోజుకి పది పేజీలు.

కథకి వస్తాం. ఇవాకురా మిత్సుమి అనే అమ్మాయిది ఇషికావా అనే ప్రాంతంలో సముద్రం పక్కన చిన్న ఊరు. ఊరు పేరు కల్పితం, ప్రాంతం నిజం. ఆమె చదివిన బడిలో తరగతికి పదిమంది కూడా లేరు. ఆ బడిలో ఫస్ట్. జీవితం మొత్తం ప్లాన్ వేసి పెట్టుకుంది: టోక్యోలో మంచి హైస్కూలు, ఆ తర్వాత పెద్ద యూనివర్సిటీ, పెద్ద ఆఫీసరు ఉద్యోగం, చివరికి సొంతూరికి తిరిగొచ్చి ఖాళీ అయిపోతాన్న ఊరిని బాగు చేయడం. ఎంట్రన్స్‌లో ఫస్టొచ్చింది కాబట్టి మొదటి రోజు కొత్త పిల్లల తరఫున స్పీచ్ ఇవ్వాల్సింది కూడా ఆమే.

ఆ మొదటి రోజే టోక్యో రైళ్లలో దారి తప్పుతాది. అప్పుడు స్టేషన్లో షిమా సోసుకె అనే అబ్బాయి కనిపిస్తాడు. అదే బడి, అతనూ లేటే, కానీ అతనికి ఏ కంగారూ లేదు. ఈమె కంగారు చూసి ఆమెతో పాటు పరుగెత్తుతాడు. ఎట్లనో చేరతారు, స్పీచ్ బాగానే ఇస్తాది. ఇంక గట్టెక్కింది అనుకునేసరికి వాంతి చేసుకుంటాది, అదీ క్లాస్ టీచర్ మీద.

ఇక్కడ మేం ఎంత నవ్వినామంటే వార్డెన్ మేడం వచ్చి లైటు ఆర్పేసి పోయింది. చీకట్లో కూడా నవ్వుతూనే ఉన్నాం. నవ్వు ఆగినాక మాలో ఒకరు తన మొదటి రోజు కథ చెప్పింది. అప్పటిదాకా రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. అనంతపురం బస్టాండులో దిగి ఆటో ఎక్కి "కాలేజీ" అనింది. "ఏ కాలేజీ పాపా?" అంటే భయంతో నోరు పెగల్లేదు, "పెద్ద కాలేజీ" అనేసింది. ఆటో ఆయన తిన్నగా తీసుకుపోయి జేఎన్‌టీయూ గేటు ముందు దించినాడు. బ్యాగు, ట్రంకు పెట్టె, చేతిలో సంగటి క్యారియర్. గేటు దగ్గర గంటసేపు నిలబడి ఏడ్చిందంట. ఇంటికి ఫోన్ చేసి మాత్రం "చేరినా యాడీ, బాగుంది" అని చెప్పిందంట.

మాకు ఈ పుస్తకం నచ్చింది ఇక్కడే. పల్లె నుంచి వచ్చిన పిల్ల తప్పులు చేస్తే మన సినిమాల్లో ఆ పిల్లని చూసి నవ్విస్తారు. ఆమె యాస, ఆమె బట్టలు, ఆమెకి తెలియనివి. ఈ పుస్తకం కూడా నవ్విస్తాది, కానీ నవ్వేటప్పుడు మనం ఆ అమ్మాయి పక్కనే ఉంటాం. ఆమె వాంతి చేసుకున్నా ఫస్ట్ ర్యాంకు ఫస్ట్ ర్యాంకే. ప్లాన్ ప్లానే. సిగ్గుపడతాది, రాత్రి ఊర్లో ఉన్న స్నేహితురాలు ఫుమితో ఫోన్లో చెప్పుకుంటాది, పొద్దున మళ్లీ బడికి పోతాది. మేం అదే కదా చేసేది. కాకపోతే మేం ఫోన్లో నిజం చెప్పం.

క్లాసులో ఎగాషిరా మికా అని ఇంకో అమ్మాయి ఉంది. నీటుగా తయారవుతాది, షిమా అంటే ఇష్టం, మిత్సుమి అతనితో తిరగడం ఓర్వలేదు. నవ్వుతూనే తక్కువ చేసి మాట్లాడతాది. అందరూ కారావోకేకి, అంటే గది తీసుకొని పాటలు పాడుకునే చోటికి, పోయే ఘట్టం ఒకటుంది. నలుగురిలో ఎట్లా మసలుకోవాలో తెలియక మిత్సుమి పడే ఇబ్బంది చూస్తే మాకు కాలేజీ ఫ్రెషర్స్ డే గుర్తొచ్చింది. ఆ రోజు మేం నలుగురం వెనక వరస కుర్చీల్లో కూర్చొని సమోసా తిని వచ్చేసినాం. మంచి సంగతి ఏమంటే, మికాని ఈ పుస్తకం విలన్ని చేయదు. ఆమెకీ ఒక భయం ఉందని మెల్లగా తెలుస్తాది. టోక్యోలో మిత్సుమి ఉండేది మేనత్త లాంటి నావో ఇంట్లో. నావో పుట్టుకతో మగ, ఇప్పుడు ఆడమనిషిగా బతుకుతాంది. ఆమె మీద కూడా చవకబారు జోకులు లేవు. ఇంట్లో మనిషి, పిల్లకి అన్నం పెట్టే మనిషి, అంతే.

ప్రేమ గురించి. రొమాంటిక్ కామెడీ అన్నారు కదా అని ముద్దులు, డ్యూయెట్లు వెతికితే దొరకవు. ఈ మొదటి పుస్తకం మొత్తంలో షిమా చేసేదల్లా పక్కన నడవడం, వినడం, ఆమె చేసే పనులకి ఆశ్చర్యపడి నవ్వడం. అతను ఆమె వెంట పడడు. మన సినిమా హీరో లాగా కాలేజీ గేటు దగ్గర కాపు కాయడు. ఇంకా ముఖ్యం, అతను వచ్చినందుకు ఆమె చదువు ఒక్క రోజు ఆగదు. ఇది చదివి మాలో ఒకరు అనింది: "ప్రేమ అంటే ఇంట్లో వాళ్లకి తెలిస్తే చదువు మాన్పించేది అనుకున్నా. ఇట్లా కూడా ఉంటాదా?"

ఆ మాట అన్న పిల్ల ఇప్పుడు మా రూంలో లేదు. తలుపు పక్క మంచం ఆమెది. కారావోకే ఘట్టం సగంలో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, వాళ్ల బా కి ఒంట్లో బాగలేదు రమ్మని. పోతే బా బాగానే ఉన్నాడు. పెళ్లిచూపులు. ఆమె ఎవర్నీ ప్రేమించలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రెండేళ్లు వరసగా చెనక్కాయ పోయింది, బోరు ఎండిపోయింది, అప్పు ఉంది, సంబంధం కట్నం ఎక్కువ అడగలేదు. పందొమ్మిదేళ్లు నిండినాయి, చట్టం ప్రకారం తప్పేం లేదు. వాళ్ల యాడి బా చెడ్డోళ్లు కూడా కాదు. ఆమెని ఇంటర్ చదివించడానికి గొర్రెలు అమ్మిన మనుషులు. పెళ్లికి మేం ముగ్గురం పోయి వచ్చినాం. ఇప్పుడు భర్తతో బెంగళూరులో ఉంది, అతను సెంట్రింగ్ పని. తీజ్‌లో గోధుమ మొలకల బుట్ట పట్టేది పెళ్లి కాని ఆడపిల్లలే కదా. ఈసారి వాళ్ల తాండాలో ఆమె బుట్ట లేదు.

అందుకే మిత్సుమి ప్లాన్ గురించి మాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఈ పుస్తకంలో డబ్బు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. టోక్యోలో ఉండడానికి ఇల్లుంది, ఇంట్లో వాళ్లు నవ్వుతూ పంపినారు. ఆమె ప్లాన్‌కి అడ్డం ఆమె కంగారు ఒక్కటే. మా ప్లాన్లకి అడ్డం వాన. అనంతపురంలో ఏడాది మొత్తం పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి అని చిన్నప్పటి నుంచి చదువుతానే ఉన్నాం. నైరుతి మబ్బులు కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్యం ఇక్కడిదాకా వచ్చేసరికి బలం పోతాది. వాన తప్పిన ఏడాది ఎవరింట్లోనో ఒక పిల్ల చదువు ఆగుతాది.

కానీ కోపం పూర్తిగా నిలవలేదు. మిత్సుమి ప్రాంతం గురించి ఫోన్లో చూసినాం. అక్కడ వానకి, మంచుకి కరువు లేదు, పక్కనే సముద్రం. అయినా ఊర్లు ఖాళీ అవుతాన్నాయి. పిల్లలు తక్కువ, ఉద్యోగాలు నగరాల్లో, మిగిలేది ముసలోళ్లు. పైగా ఇషికావాలోని నోటో వైపు 2024 జనవరి 1న పెద్ద భూకంపం వచ్చి ఊర్లకి ఊర్లు దెబ్బతిన్నాయి. మా తాండాల్లో కూడా సంక్రాంతి దాటితే సగం ఇళ్లకి తాళాలు. బెంగళూరు పోయినోళ్లు పోగా అవ్వలు, తాతలు, చిన్నపిల్లలు ఉంటారు. నీళ్లు లేక మా ఊర్లు ఖాళీ, నీళ్లుండి కూడా వాళ్ల ఊర్లు ఖాళీ. అంటే వాన ఒక్కటే కారణం కాదన్నమాట. చేసుకోవడానికి పని లేని చోట, చదివిన పిల్ల తిరిగి రావడానికి కారణం లేని చోట మనుషులు నిలవరు. ఇది మాకు ఎకనామిక్స్ క్లాసులో అర్థం కాలేదు, ఈ బొమ్మల పుస్తకంలో అర్థమైంది.

మిత్సుమి తిరిగొస్తానంటాది. మేం ఒకర్నొకరం అడుక్కున్నాం, మనం తిరిగిపోతామా అని. ఒకరు టీచరై పోతానంది. ఒకరు "పోను, యాడిని ఇక్కడికే తెచ్చుకుంటా" అనింది. ఇంకొకరు ఏం చెప్పలేదు. తప్పేం లేదు, అది కూడా జవాబే.

పోయిన వారం బెంగళూరు నుంచి ఆమె ఫోన్ చేసింది. బియ్యం, బాడుగ, నీళ్ల ట్యాంకరు అన్నీ మాట్లాడినాక గొంతు తగ్గించి "ఆ పాట కథ ఏమైంది?" అని అడిగింది. మిగిలిన పేజీలన్నీ ఫోన్లో చదివి వినిపించినాం, ముగ్గురం వంతులేసుకొని. మధ్యలో వాళ్లాయన వచ్చినాడు, ఏందది అన్నాడు. ఆమె చెప్పింది. అతను కూడా కాసేపు విన్నాడంట, వాంతి కథ మళ్లీ చెప్పమన్నాడంట. ఆ ధైర్యంతోనే మేం అడిగినాం, పరీక్షలు రాస్తావా అని. ఆమె "అడిగి చూస్తా" అనింది. వద్దు అనలేదు.

ఇప్పుడు మీతో పని. గ్రూపులో పెళ్లయినాక మళ్లీ వచ్చి డిగ్రీ పరీక్షలు రాసిన అక్కలు ఎవరైనా ఉంటే ఎట్లా చేసినారో రాయండి. హాజరు తక్కువైతే ఎవరిని కలవాలి, అర్జీ ఎట్లా పెట్టాలి, ఆగిపోయిన సెమిస్టర్ నుంచి మళ్లీ చేరొచ్చా, భర్తని, అత్తగారిని ఎట్లా ఒప్పించినారు. అన్నలు కూడా చెప్పండి, మీ భార్యల్ని చదివిస్తాన్నోళ్లు ఉంటే. ఆమె గ్రూపులో లేదు, మేం చదివి వినిపిస్తాం. పరీక్ష ఫీజు ముగ్గురం వేసుకొని పక్కన పెట్టినాం, దానికి డబ్బులు అడగడం లేదు.

పుస్తకం ఎవరికైనా కావాలంటే మా రూంలో ఉంది, పేపరు అట్టతో. అనంతపురంలో ఉన్నోళ్లు వచ్చి తీసుకుపోవచ్చు, కాకపోతే ముందు బెంగళూరుకి పంపాల. ఆమె బొమ్మలు చూడాలంట. వాచ్‌మెన్ అన్న వచ్చే నెల ఊరికొచ్చి పోయేటప్పుడు ఆయన చేతికే ఇస్తాం. రెండో భాగం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

జై సేవాలాల్.