పలమనేరు నాలుకతో ఫ్రెంచి వైన్

ఫ్రెంచి రెడ్ వైన్ అనగానే మనకి సినిమా సీనే గుర్తొస్తుంది. పెద్ద గ్లాసు, నల్లటి ఎరుపు, సూటు వేసుకున్న విలన్. కానీ ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో మామూలు జనం మధ్యాహ్నం భోజనంతో తాగేది అలా ఉండదు. లేత ఎరుపు. గ్లాసు వెనక వేలు పెడితే కనిపించేంత పలచన. కాస్త చల్లగా, అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల గాజు సీసాలో తెచ్చి బల్ల మీద పెడతారు. దాని పేరు బోజొలే. లియోన్‌కి ఉత్తరంగా ఉన్న కొండల ప్రాంతం పేరే ఆ వైన్ పేరు కూడా. ద్రాక్ష రకం పేరు గమే.

నాది పలమనేరు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రాజెక్టు పని మీద మూడు నెలలు లియోన్‌లో ఉన్నాను. నవంబరు మూడో గురువారం సాయంత్రం టీమ్ అంతా లాప్‌టాప్‌లు మూసేసి బయల్దేరారు. ఏంటని అడిగితే ‘ఈ రోజు బోజొలే నువో’ అన్నారు. ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన కొత్త వైన్ అమ్మకానికి వచ్చే రోజు అది. 1985 నుంచి ఏటా నవంబరు మూడో గురువారమే. సంక్రాంతికి మనం కొత్త బియ్యంతో పొంగలి పెట్టుకుంటాం కదా, దాదాపు అలాంటి సంబరమే. దేవుడు లేడు, అంతే తేడా.

ఆ సాయంత్రం తాగింది బాగానే ఉంది. కానీ నాకు అసలు ఆసక్తి పుట్టింది ఆ తర్వాతి శనివారం, ఆ కొండల మధ్య నడిచినప్పుడు.

రాయి చూస్తే మనూరే

లియోన్ నుంచి రైలెక్కితే బెల్‌విల్ స్టేషన్. అక్కణ్నుంచి ఫ్లూరీ, మోర్గోన్ అనే ఊళ్ల వైపు పోయాను. నవంబరు కాబట్టి తోటల్లో ఆకు చాలావరకు రాలిపోయింది. మన పందిరి ద్రాక్షలా కాదు, ఒక్కో తీగ మోకాలెత్తు మొద్దులా నిలబడి ఉంది. వరుసల మధ్య నేల చూస్తే గులాబీ రంగు ఇసుక. చేతిలోకి తీసుకుంటే గరగరలాడుతూ మెరిసింది. అది గ్రానైట్ అరిగి అరిగి అయిన మట్టి.

గ్రానైట్ గురించి పలమనేరు వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊరి నుంచి ఏ వైపు పోయినా కొండల మీద ఎవరో పేర్చి పెట్టినట్టు గుండ్లు. కుప్పం వైపు పోతే క్వారీలు. ఆ రాయి అరిగి అయిన ఎర్రమట్టిలోనే మా చెనిక్కాయలు, టమాటాలు, మల్బరీ తోటలు. చెరువు బంకమట్టితో చేసే మా టెర్రకోట బొమ్మలు ఎక్కడెక్కడికో పోతాయి.

బోజొలే ఉత్తర భాగంలో చాలావరకు ఈ గ్రానైట్ కొండలే. దక్షిణాన సున్నపురాయి, బంకమట్టి ఎక్కువ. ఈ రాళ్ల వైవిధ్యం వల్లే 2018లో యునెస్కో ఈ ప్రాంతాన్ని గ్లోబల్ జియోపార్క్‌గా గుర్తించింది. గమే ద్రాక్షకి సారం ఎక్కువున్న నేల పడదు. అక్కడ కాయ విపరీతంగా కాసి రసం చప్పబడుతుంది. గ్రానైట్ ఇసుకలో నీళ్లు నిలవవు, సారం తక్కువ. కాయ తక్కువే కాస్తుంది కానీ రుచి ఉంటుంది. మెట్ట చేలో పండిన చెనిక్కాయ రుచి తెలిసినవాళ్లకి ఈ లాజిక్ వెంటనే అర్థమవుతుంది.

ఈ గమేకి ఒక అవమానం చరిత్ర కూడా ఉంది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్, ఈ ద్రాక్ష పనికిరాదని, తన రాజ్యంలో తీగలు పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆయనకి ఇష్టమైనది పీనో న్వార్ అనే రకం. గమే దక్షిణానికి, ఈ గ్రానైట్ కొండల్లోకి చేరి అక్కడే స్థిరపడింది.

వగరు అనే మన మాట

ఫ్లూరీ పక్కన ఒక చిన్న సెల్లార్‌లో రైతే స్వయంగా నాలుగు రకాలు రుచి చూపించాడు. ప్రతి గ్లాసుకీ ఆయన చెప్పే మాటలు రాస్‌బెర్రీ, వయొలెట్ పువ్వు, పియోనీ పువ్వు. నేను రాస్‌బెర్రీని ఐస్‌క్రీమ్ డబ్బా మీద బొమ్మగా తప్ప చూడలేదు. తెలియని పండు వాసనని ముక్కు ఎలా గుర్తుపడుతుంది? అందుకే ఆయన మాటలు పక్కన పెట్టి నా దగ్గర ఉన్నవి వెతుక్కున్నాను.

మొదటి గ్లాసు: నేరేడు పండు. అనుమానమే లేదు. నేరేడు తిన్నాక నాలుకకి పట్టే ఊదా రంగు, ద్రాక్ష తొక్కలోని రంగు ఒకే జాతి పదార్థాలు. ఆంథోసయనిన్లు అంటారు. రెండో గ్లాసు: మల్బరీ పండు. పట్టుపురుగులకి ఆకు కోయడానికి పోయి చేలో పిల్లలం దొంగతనంగా తినేవాళ్లం. మూడోది: బాగా మాగిన అరటిపండు, కొంచెం పిప్పరమెంటు. నాలుగోది మోర్గోన్. అది కాస్త బరువు. వానకి తడిసిన రాయి వాసన, చివర్లో కలే పండు వగరు.

వైన్ గురించి ఇంగ్లిష్ వీడియోల్లో కొత్తవాళ్లకి అర్థం కాక తంటాలు పడే మాట ‘టానిన్’. పది నిమిషాలు వివరిస్తారు. మనకి ఒక్క మాట చాలు: వగరు. ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల్లో అదొకటి. పచ్చి అరటికాయ, వక్క, చింతగింజ పై తొక్క. నోట్లో పెట్టుకుంటే బుగ్గల లోపల లాగేసినట్టు ఉంటుంది కదా, అది టానిన్లు మన ఉమ్మిలోని ప్రొటీన్లని పట్టేసుకోవడం వల్ల. నున్నదనం పోయి నోరు ఎండినట్టనిపిస్తుంది.

రెడ్ వైన్లలో వగరు వచ్చేది ప్రధానంగా ద్రాక్ష తొక్క, గింజల నుంచి. తొక్కలు రసంలో ఎన్ని రోజులు నానితే అంత రంగు, అంత వగరు. నువో వైన్‌కి నాలుగైదు రోజులే నానబెడతారు. పైగా కాయల్ని చితక్కొట్టకుండా గుత్తులకి గుత్తులే తొట్టిలో వేసి మూస్తారు. లోపల కార్బన్ డయాక్సైడ్ నిండి, ఒక్కో కాయ లోపలే పులవడం మొదలవుతుంది. నాకు తగిలిన ఆ అరటిపండు, పిప్పరమెంటు వాసనలు ఈ పద్ధతిలోంచే వస్తాయి. కాయ చిట్లకూడదు కాబట్టి కోత ఎక్కువగా చేత్తోనే.

అందుకే బోజొలే పలచన. పులుపు ముందు, వగరు వెనక. మన పులుసులు తిని పెరిగిన నాలుకకి పులుపు భయం లేదు. ఒకరోజు లియోన్‌లోని నా గదిలో సంగటి కెలికి, కోడి పులుసు, ఊరిబిండి చేసి టీమ్ వాళ్లని పిలిచాను. కారంతో వగరెక్కువ వైన్ తాగితే నోరు మండిపోతుంది. చల్లటి బోజొలే మాత్రం ఆ కారాన్ని తట్టుకుంది. సంగటి ముద్దని చెంచాతో కోసుకు తిన్న మా మేనేజర్‌ని చూడాల్సింది.

అవ్వతో ఫోను

ఆ రాత్రే మా అవ్వకి ఫోన్ చేశాను. దాచి మాట్లాడటం నాకు చేతకాదు.

‘ఏమి తాగినావు నాయినా?’ అంది.

‘ద్రాక్షపండ్ల రసం పులవబెట్టింది అవ్వా.’

‘అంటే సారాయేనా?’

‘సారాయి మాదిరి కాచింది కాదు. కల్లు మాదిరి, ఉత్తగా పులిసింది.’

కాసేపు మాట్లాడలేదు. మా తాతని నేను చూడలేదు. నేను పుట్టకముందే సారాయి ఆయన్ని తీసుకుపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడింది 1992లో. మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అవ్వకి అది చరిత్ర పాఠం కాదు. ‘ఇంకో రెండేండ్లు ముందొచ్చుంటే’ అని ఇప్పటికీ అంటుంది. మా ఇంట్లో ‘మందు’ అనే మాటకి రంగులు, వాసనలు ఉండవు. ఒకే అర్థం ఉంటుంది.

తర్వాత తనే అడిగింది, ఎట్లుంటాదని. నేరేడు పండు మాదిరి, చివర్లో కలే పండు వగరు అని చెప్పాను. ఆ సెల్లార్‌లో రైతు ప్రతి గుక్కనీ నోట్లో తిప్పి బకెట్‌లో ఉమ్మేశాడని కూడా చెప్పాను.

‘ఉమ్మేస్తారా? అంత దుడ్డు పెట్టి?’ అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది: ‘ఉమ్మేసేది తెలిసినోడికి మేలే. మీ తాతకి రుచితో పన్లేదు నాయినా. ఆయన నాలుక మీద నిలవనిచ్చింది ఎప్పుడు?’

రుచి చూడటం అనేది తాగడానికి మనం పెట్టుకున్న మర్యాద పేరేనా? ఆ ఫోన్ తర్వాత ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కొంతవరకు అవును. బోజొలే ఎంత పలచనైనా అందులో 12, 13 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఒంట్లోకి పోయాక అది ద్రాక్ష నుంచి వచ్చిందా, బెల్లం నుంచి వచ్చిందా అని లివర్ అడగదు. ‘రెడ్ వైన్ గుండెకి మంచిది’ అనే మాట 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంతో ప్రపంచమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో సూటిగా చెప్పింది, ఆల్కహాల్‌లో సురక్షితమైన మోతాదు అంటూ లేదని. కాబట్టి ఆరోగ్యం కోసం అనే సాకు నాకొద్దు. ఆ ఉమ్మే బకెట్‌ని మాత్రం మర్చిపోను. ఒక గ్లాసుతో గంట సేపు కూర్చోగలిగితే అది రుచి. కూర్చోలేకపోతే అవ్వ చెప్పిందే నిజం.

ట్రై చేయాలనుకుంటే

ముందుగా, ఏపీ, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండాలి. తాగనివాళ్లు ఈ కారణంగా మొదలుపెట్టాల్సిన పన్లేదు. నాలుకకి ట్రైనింగ్ వైన్ లేకుండానే అవుతుంది. వేసవి చివర్లో సంతకి పోయి నేరేడు, కలే పండు, పచ్చి మామిడి తెచ్చుకోండి. ఒక్కోటి కళ్లు మూసుకుని వాసన చూడండి. తర్వాత కొరకండి. పులుపు నాలుకకి పక్కల తగిలి నీళ్లూరుతుంది, వగరు బుగ్గల్ని ఎండబెడుతుంది. ఈ రెండూ వేరుచేయడం వస్తే సగం పని అయినట్టే.

వైన్ అయితే ఫ్రిజ్‌లో పెట్టి 12 నుంచి 14 డిగ్రీల చల్లదనానికి తెచ్చుకోవాలి. మన ఎండాకాలం గది వేడిలో ఏ రెడ్ వైనైనా స్పిరిట్ వాసన కొడుతుంది. గ్లాసులో మూడో వంతు చాలు. తిప్పి, వాసన చూసి, చిన్న గుక్క. మిగిలింది భోజనంతో.

ఫ్రెంచి సీసా ఇక్కడికి వచ్చేసరికి పన్నులతో ధర బాగా పెరుగుతుంది. కానీ ఈ విద్య చూడ్డానికి ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. పలమనేరు నుంచి ముళబాగిలు, కోలారు మీదుగా నంది కొండలు పొద్దున బయల్దేరితే చేరిపోయే దూరమే. అక్కడ కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి, షాంపేన్ ప్రాంతం నుంచి వచ్చిన జార్జ్ వెసెల్ సాయంతో ఫ్రెంచి ద్రాక్ష రకాలు నాటించి 1988లో వైనరీ పెట్టాడు. మన చలికాలం తీగని నిద్రపుచ్చేంత చలి కాదు. అందుకే దక్షిణాదిలో తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దారిలో పెడతారు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు తోటల్లో తెలుగు మాట బాగానే వినిపిస్తుంది. సీసా మాత్రం సరిహద్దు దాటించకండి. పక్క రాష్ట్రం మద్యం తెస్తే ఏపీలో కేసవుతుంది.

సీసా మీద ఊరి పేరు

బోజొలేలో నాకు అన్నిటికంటే నచ్చింది రుచి కాదు, లేబుల్. ఫ్లూరీ, మోర్గోన్, షిరూబ్ల్, ములానావాన్ లాంటి పది ప్రాంతాలకి తమ పేరుతోనే వైన్ అమ్ముకునే హక్కుంది. ఆ సీసాల మీద ద్రాక్ష రకం పేరు కంటే ఊరి పేరే పెద్దది. మా వీధంత ఉన్న ఊరు కూడా ప్రపంచం బల్ల మీద తన పేరుతో కూర్చుంటుంది.

మా మామ పుంగనూరు రోడ్డులో టమాటా వేస్తాడు. కోసి, బాక్సులకి ఎత్తి, మదనపల్లె మండీకి తోలతాడు. దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో అదొకటి. 2023 జులై చివర్లో అక్కడ మొదటి రకం కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. కొన్ని వారాల్లోనే కుప్పకూలింది. ధర లేనప్పుడు కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు మీరు టీవీలో చూసే ఉంటారు. మామ పండించింది ఏ ఊరికి పోయిందో మామకి తెలియదు. తిన్నవాడికి మామ ఊరు తెలియదు.

పేరు ఉంటే కష్టం రాదని కాదు. నువో మోజు తగ్గాక, 2000ల తొలినాళ్లలో బోజొలేలో వైన్ అమ్ముడుపోక డిస్టిల్లరీలకి పంపాల్సి వచ్చింది. అంటే వాళ్లూ ఒక రకంగా పారబోశారు. కానీ ఊరి పేరు మిగిలింది కాబట్టి, ఆ పేరు మీద మళ్లీ మెల్లగా మంచి వైన్ చేసి నిలబడ్డ రైతులున్నారు. మా మామకి ధర పడితే మిగిలేది ఖాళీ బాక్సులు, అప్పు.

మొన్న పండక్కి పోయినప్పుడు మామ చేలో ఒక టమాటా కోసి, నీళ్లతో కడిగి, వాసన చూసి కొరికాను. పులుపు ముందు, తీపి వెనక, తొక్క దగ్గర సన్నటి ఉప్పదనం. బెంగళూరు సూపర్‌మార్కెట్‌లో కొన్నదానికీ దీనికీ పోలికే లేదు. మామకి అదే చెప్పాను. ‘రుచికి ఎవుడిస్తాడబ్బయ్యా దుడ్డు, సైజుకే గదా’ అన్నాడు.

సమాధానం నా దగ్గర లేదు. వచ్చే కోతకి ఒక పది బాక్సుల మీద ఊరి పేరు, చేను పేరు, కోసిన తేదీ రాసి, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో నేరుగా అమ్ముదామని అడిగాను. మామ నవ్వాడు గానీ వద్దనలేదు. స్టిక్కర్ డిజైన్ చేస్తున్నాను.