ఊలు టోపీ గోల్‌కీపర్

యెన్స్ మార్టిన్ క్నుడ్‌సెన్ పేరు మనవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, నాకు మాత్రం ఫుట్‌బాల్ అనగానే ముందు ఆయనే గుర్తొస్తాడు. ఊరు ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో. బతుకుతెరువు చేపల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడపడం.

1990 సెప్టెంబర్ 12. యూరో అర్హత పోటీల్లో ఆ దీవులకి అదే తొలి మ్యాచ్. ఎదురుగా ఆస్ట్రియా, ఆ వేసవిలోనే ఇటలీలో ప్రపంచ కప్ ఆడివచ్చిన జట్టు. సొంతగడ్డ మీద పచ్చిక మైదానం లేక స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడాల్సి వచ్చింది. రెండో సగంలో ఫారో ఆటగాడు టోర్కిల్ నీల్సెన్ గోల్ కొట్టాడు. ఆయన కలప అమ్మే పనిలో ఉండేవాడు.

అక్కణ్ణుంచి ఆ మిగతా అరగంట! గోల్ ముందు క్నుడ్‌సెన్, తల మీద కుచ్చున్న తెల్లటి ఊలు టోపీ. కుర్రతనంలో తలకి దెబ్బ తగిలినప్పటి నుంచీ పెట్టుకుంటున్నదే. ఫార్వర్డ్ పదిసార్లు తప్పినా ఒక్క గోల్‌తో అన్నీ మాసిపోతాయి. గోల్‌కీపర్‌కి ఆ వెసులుబాటు లేదు, ఒక్క బంతి చేజారితే చాలు. ఆయన జారనివ్వలేదు. 1-0. ఆస్ట్రియా కోచ్ హికర్స్‌బెర్గర్ పదవి వదులుకున్నాడు.

క్నుడ్‌సెన్ దేశం తరఫున 65 మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో ఓటములే ఎక్కువ, నాకు గౌరవమూ వాటి మీదే ఎక్కువ. గోల్స్ వరసగా పడొచ్చని తెలిసి కూడా గ్లవ్స్ తొడుక్కుని పెద్ద దేశాల స్టేడియాల్లో నిలబడ్డాడు. మర్నాడు డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి అలా నిలబడటం నాకు ఎంతో ఇష్టం.