చీటీల డబ్బా

పోయిన ఏడాది మే నెల క్యాలెండర్ కాయితాన్ని మా అమ్మ ఇంకా చింపలేదు. వెనక్కి మడిచి మేకుకే ఉంచింది. 4వ తేదీ నుంచి వరసగా ప్రతి గడిలో ఒక ఎర్ర బొట్టుబిళ్ల అంటించి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా "ఇవేంది?" అని అడిగితే మా చెల్లె నా వైపు చూసి నవ్వుతుంది. ఇక కథంతా నేనే చెప్పుకోవాలి. ఇక్కడ కూడా అదే పని.

మాది తొర్రూరు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద వర్ధన్నపేట, రాయపర్తి దాటినాక వస్తుంది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబాబాద్‌లోకి పోయింది గానీ, హాస్టల్లో ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వరంగల్ అనే చెప్తాను. ఇంట్లో అమ్మ, నాన్న, చెల్లె, నాయినమ్మ. నాయినమ్మకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. షుగర్ గోలీ రాత్రి తిన్నాక, బీపీ గోలీ పొద్దున. కానీ పొద్దున ఆమె ఎక్కడ దొరుకుతుంది? ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, బర్రె దగ్గరికి పోయి, అటు నుంచి అటే పక్కింటివాళ్లతో ముచ్చట పెట్టి వచ్చేసరికి పది. గోలీ సంగతి మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఒక్కోసారి వేసుకున్న సంగతే మర్చిపోయి ఇంకోటి వేసుకుంటుంది. అమ్మ అరుస్తుంది, నాన్న అరుస్తాడు, నాయినమ్మ "ఏసుకున్న తీ" అంటుంది. రోజూ ఇదే పంచాయితీ.

అప్పుడే నేను రెండో సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకు దిగాను. ఆ సెమిస్టర్‌లో ఒక సీనియర్ ప్రాజెక్టు ప్రజెంటేషన్‌లో 'గేమిఫికేషన్' అనే మాట విన్నాను. పాయింట్లు, బ్యాడ్జీలు, స్ట్రీక్‌లు. మనుషులు చేయాల్సిన పనిని ఆటలాగా మారిస్తే వాళ్లంతట వాళ్లే చేస్తారట. నాకిది కొత్తగా ఏమీ అనిపించలేదు, ఎందుకంటే ఆ ఆటకు మా ఇల్లంతా ఒకసారి బలైంది. 2019 దీపావళికి గూగుల్ పే వాళ్లు స్టాంపులు పెట్టారు, గుర్తుందా? దీపం, జుంకా, పువ్వు, లాంతరు, రంగోలి. ఐదూ జమ చేస్తే 251 రూపాయలు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా బాబాయి ఫోన్‌లో నాలుగు వచ్చాయి, రంగోలి మాత్రం రాలేదు. దాని కోసం వాళ్లకూ వీళ్లకూ ఫోన్లు చేశాం, ఒకరికొకరు డబ్బులు పంపుకున్నాం, కనబడిన ప్రతి క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేశాం. రోజూ వాకిట్లో ముగ్గేసే ఇంట్లో ఒక్క రంగోలి కోసం ఆ వెతుకులాట చూసి అమ్మ తల పట్టుకుంది. పండుగ అయిపోయింది, రంగోలి రాలేదు. అయినా బాబాయి ఇప్పటికీ చాయ్ తాగి పది రూపాయలు కొట్టినాక స్క్రాచ్ కార్డు వచ్చిందేమోనని చూసుకుంటాడు. 'బెటర్ లక్ నెక్స్ట్ టైమ్' అని వస్తుంది. జేబులో పెట్టుకుని పోతాడు.

అంత పెద్ద కంపెనీ మా బాబాయితో అన్ని పనులు చేయించగలిగినప్పుడు, నేను మా నాయినమ్మతో ఒక గోలీ మింగించలేనా అనుకున్నాను.

డిజైన్ నాది, అమలు చెల్లెది. గోలీ వేసుకున్న రోజు క్యాలెండర్ గడిలో ఒక బొట్టుబిళ్ల. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు బిళ్లలు నిండితే ఖాళీ హార్లిక్స్ డబ్బాలోంచి ఒక చీటీ తీసుకోవచ్చు. చీటీల మీద బహుమతులు రాశాం. నర్సంపేటలో ఉన్న ఆమె చెల్లెలితో వీడియో కాల్, ఫోన్‌లో పాత నాగేశ్వరరావు సినిమా, రెండు మిరపకాయ బజ్జీలు (డాక్టరు చూడకుండా), చెల్లెతో కాళ్లు నొక్కించుకోవడం, నా బండి మీద పాలకుర్తి సోమన్న గుడికి పోయి రావడం. పొద్దున అందరం తలో దిక్కున ఉంటాం కాబట్టి ఆట టైమ్ రాత్రి ఎనిమిదిన్నరకు పెట్టాను. షుగర్ గోలీతో పాటు బీపీ గోలీ కూడా అప్పుడే. రెండూ ఒకేసారి అయితే లెక్క సులువు, మర్చిపోవడం ఉండదు. ఇంజనీరు బుర్ర కదా!

ఆట బ్రహ్మాండంగా నడిచింది. వాకిట్లో మంచం వేసుకుని నాయినమ్మ కూర్చునేది. నేను గోలీలు చేతిలో పెట్టేవాణ్ణి. ఆమె గబుక్కున నోట్లో వేసుకుని చెంబెత్తి నీళ్లు తాగేది. చెల్లె చప్పట్లు కొట్టేది, బిళ్ల అంటించేది. నాన్న కూడా, టీవీ ముందు నుంచి లేవని మనిషి, బయటికొచ్చి గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదటి శనివారం చీటీలో సినిమా వచ్చింది. రెండో శనివారం బజ్జీలు. మూడో శనివారం కాళ్లు నొక్కుడు. చెల్లె మొహం మాడ్చుకుంది గానీ నొక్కింది.

ఆ రోజుల్లో నేను ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్లకు 2019లో నోబెల్ వచ్చిందని తెలుసు గానీ, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో వాళ్లు చేసిన ప్రయోగం గురించి అప్పుడే చదివాను. పిల్లలకు టీకాలు వేయించిన ప్రతిసారీ తల్లికి కిలో పప్పు, అన్ని టీకాలూ పూర్తయితే స్టీలు పళ్లేలు. పప్పు ఇచ్చిన ఊళ్లలో 39 శాతం మంది పిల్లలకు టీకాలు పూర్తయ్యాయి. ఏమీ చేయని ఊళ్లలో అది 6 శాతమే. కిలో పప్పుకు ఇంత బలమా అని మురిసిపోయి, ఆ లెక్క నాన్నకు చదివి వినిపించాను. "మనూళ్లె బియ్యం ఇయ్యలేదా" అన్నాడు నాన్న. నిజమే, మన పక్కనున్న ములుగు జిల్లాలోనే 2019 అక్టోబరులో కిలో ప్లాస్టిక్ తెచ్చినవాళ్లకు కిలో బియ్యం ఇచ్చారు. జనం సంచులకు సంచులు మోసుకొచ్చారు. నా ఆట కూడా ఆ కోవలోదే అని గర్వంగానే ఉండేది.

26వ తేదీ సోమవారం నాయినమ్మను బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బీపీ చూశారు. మళ్లీ చూశారు. తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

"గోలీలు వేసుకుంటున్నదా?"

"రోజూ సార్. ఒక్కరోజు కూడా తప్పలేదు," అని ఫోన్ తీసి క్యాలెండర్ ఫోటో చూపించాను. 22 బిళ్లలు. ఆయన ఫోటో వైపు ఒక్క క్షణం చూసి, నాయినమ్మ వైపు చూశారు. నాయినమ్మ ఫ్యాన్ వైపు చూసింది.

"ఏ టైమ్‌కు వేస్తున్నారు?"

"రాత్రి ఎనిమిదిన్నరకు సార్. అందరం ఉంటాం కదా అని..."

ఆయన పాత చీటీ తిప్పి నా ముందు పెట్టారు. బీపీ గోలీ పక్కన 'ఉదయం' అని స్పష్టంగా రాసి ఉంది. ఆ గోలీలో నీళ్లు బయటికి పంపే మందు కలిసి ఉంటుందట. రాత్రి వేసుకుంటే మూత్రానికి లేవాల్సి వస్తూనే ఉంటుంది, అందుకే పొద్దున రాశానన్నారు. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

తిరిగొస్తుంటే బస్టాండు దాటినాక నాయినమ్మ నా భుజం మీద తట్టింది. ఆపమంది. వేపచెట్టు కింద బండి ఆపాను. ఆమె బొడ్డుసంచి విప్పి, ఆకులు, వక్కల కింద నుంచి ఒక కాయితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవేంది నాయినమ్మా?"

"గవే. చిన్న గోలీలు."

లెక్కపెట్టాను. పదహారు. మొదటి ఆరు రోజులు వేసుకుంది. తర్వాత షుగర్ గోలీ నోట్లో వేసుకుని, చిన్నది వేళ్ల సందున ఉంచుకునేది. మేం చప్పట్లు కొడుతున్నప్పుడు అది ఆమె పిడికిట్లోనే ఉంది.

"మరి పారేయకుండ ఎందుకు దాచినవ్?"

"పైసలు పెట్టి కొన్నయి గద కొడుకా. పారేయబుద్ధి గాలే."

"నాకు చెప్పద్దా?"

"ఏం చెప్పాలె? రాత్రి నాలుగుసార్లు లేవవడితి. చీకట్ల ఆ మెట్టు దిగాల్నంటె పానం గుబగుబ. మీ తాత గా మెట్టు కాడ్నే పడి మంచం పట్టె. ఎరుకే గద నీకు."

ఎరుకే. నేనప్పుడు ఆరో తరగతి.

కాసేపాగి తనే అంది, "చెప్తె ఆట బందువెడ్తరు. పిల్ల చప్పట్లు కొట్టుడు, మీ నాయిన బయటికొచ్చి కూసునుడు. నువ్వైతె ఎన్నడన్న గట్ల నా పక్కన కూసున్నవా? వచ్చిన కాడ్నించి ఫోన్ పట్టుకొని మూలకు పోతివి."

నేను బండి స్టార్ట్ చేశాను. వేరే ఏం చేయాలో తెలియలేదు.

ఆ రాత్రి ఉదయ్‌పూర్ లెక్కను మళ్లీ చదివాను. మొదటిసారి నేను 6, 39 మాత్రమే చూశాను. మధ్యలో ఇంకో అంకె ఉంది, 18. అది పప్పు లేకుండా, ప్రతి నెలా తప్పకుండా టీకాల క్యాంపు పెట్టిన ఊళ్లది. అంటే నర్సు వస్తుందో రాదో అనే గొడవ ముందు తీర్చారు. పప్పు ఆ తర్వాతి సంగతి. వేయించుకోవాలనే ఉండి రేపు చూద్దాంలే అనుకునే తల్లిని ఆ కిలో పప్పు ఇవాళే బయల్దేరదీసింది. నేను క్యాంపు సంగతి వదిలేసి పప్పు పంచాను. ఆమె ఎందుకు వేసుకోవట్లేదని ఒక్కసారి కూడా అడగలేదు. పైగా సగం కారణం నా ఆటే పుట్టించింది. ములుగులో కాంటా మీద పెట్టింది ప్లాస్టిక్, తూగింది ప్లాస్టిక్. మా ఇంట్లో తూచింది గోలీని కాదు, బొట్టుబిళ్లను. 75 శాతం అటెండెన్స్ కోసం ప్రాక్సీలు వేయించుకునే మనకు ఇది ఎవరో చెప్పాలా?

ఇంకో నష్టం కూడా జరిగింది, అది తర్వాత కనబడింది. అంతకుముందు చెల్లె రోజూ పడుకునే ముందు నాయినమ్మ కాళ్లు నొక్కేది. ఎవరూ చెప్పకుండానే, ముచ్చట్లు పెట్టుకుంటూ. దాన్ని మేం చీటీ మీద బహుమతిగా రాశాక మానేసింది. "చీటీ వచ్చిందా?" అనేది. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ఇట్లాంటిదే. బొమ్మలేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి 'వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే వాళ్లు మిగతావాళ్లలో దాదాపు సగం సమయమే బొమ్మలేశారు. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చేదానికి మనకు మాట ఉంది కదా, కొసరు. కూరగాయలు తూచినాక గుప్పెడు కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో పడతాయి. దాని కోసమే ఎవరూ వంకాయలు కొనరు. కానీ అది వేసే ఆమె దగ్గరికే మా నాయినమ్మ ఇప్పటికీ నడిచిపోతుంది, దగ్గర్లో వేరే కొట్టు ఉన్నా.

ఆటను బందు చేయలేదు, రెండు ముక్కలు చేశాం. బీపీ గోలీ పొద్దున చాయ్‌తో పాటే. చాయ్ గిలాస పక్కన గోలీ పెట్టి, మింగేదాకా అమ్మ అక్కడే నిలబడుతుంది. చప్పట్లు లేవు, బిళ్ల లేదు. పెరట్లో మెట్టు దగ్గర నాన్న ఒక బల్బు పెట్టించాడు. ఆ పని మా తాత పడ్డప్పుడే చేయాల్సింది. ఇక శనివారం చీటీ దేనికీ సంబంధం లేకుండా ఊరికే తీస్తారు. గోలీ వేసుకున్నా, వేసుకోకపోయినా. నేను హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో చూస్తాను. కాళ్లు నొక్కే చీటీని చెల్లె చింపేసింది, మళ్లీ నొక్కడం మొదలుపెట్టిందని అమ్మ చెప్పింది. రోజూ కాదట, అప్పుడప్పుడు. జూలైలో బీపీ కొంచెం దిగింది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు శనివారం చీటీ నన్ను తీయమంది నాయినమ్మ. తీశాను. 'అన్న నాయినమ్మను బండి మీద పాలకుర్తి తీసుకపోవాలె' అని ఉంది. ఎండ దంచుతోంది, రేపు పోదాం అన్నాను. ఆమె అప్పటికే కొత్త చీర కట్టుకుని ఉంది. అనుమానమొచ్చి డబ్బా బోర్లించి మిగతా చీటీలు విప్పాను. పదకొండున్నాయి. అన్నింటి మీదా అదే రాసి ఉంది, చెల్లె చేతిరాతతో.